టకటకలాడే ట్యాపెట్టా? మాట్లాడని ట్యాపెట్టా?

అంబాసిడర్ నడిపిన వారికి ట్యాపెట్ల చప్పుడు కొత్త కాదు. ఇంజను పైమూత కింద కుట్టుమిషను ఆడుతున్నట్టు సన్నగా టకటక వినిపిస్తూనే ఉంటుంది. కొందరికి అది చెవిలో జోరీగ. ఈ వ్యాసకర్త కూడా ఒకప్పుడు ఆ చప్పుడు భరించలేక, "కాస్త బిగించవయ్యా" అని షెడ్డులో మేస్త్రిని పోరు పెట్టాడు. "వద్దండీ, ఆ సందు ఉండాలి" అన్నాడు మేస్త్రి. వినలేదు. చప్పుడు పోయింది. మూడు నెలలు తిరక్కుండానే ఒక ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోయి, హెడ్డు దించాల్సి వచ్చింది.

వేడికి వాల్వు సాగుతుంది. సాగడానికి సందు లేకపోతే అది తన సీటు మీద పూర్తిగా కూర్చోదు. వాల్వులోని వేడి ఎక్కువగా హెడ్డులోకి దిగిపోయేది ఆ సీటు ద్వారానే. ఆ దారి మూసుకుంటే కాలడం తప్పదు. చప్పుడు రోగం కాదు, సందు ఉన్నదనడానికి గుర్తు.

ఈ సందు బాధ లేకుండా చేసిందే హైడ్రాలిక్ ట్యాపెట్. అమెరికాలో దీన్ని లిఫ్టర్ అంటారు. కేమ్ షాఫ్టుకూ పుష్ రాడ్డుకూ మధ్య ఉండే ఈ గిన్నెలాంటి ముక్క లోపల చిన్న ప్లంజరు, దాని కింద స్ప్రింగు, ఆయిలు వెనక్కి పోకుండా ఒక గోళీ ఉంటాయి. ఇంజను ఆయిలు లోపలికి చేరి సందును తానే పూడుస్తుంది. చప్పుడు లేదు, ఫీలర్ గేజీతో పనిలేదు. 1930 నాటి కాడిలాక్ పదహారు సిలిండర్ల కారులోనే ఇటువంటి ఏర్పాటు ఉంది.

మరి పోటీ కార్ల వారు దీన్ని ఎందుకు కాదన్నారు?

లెక్క చూడండి. ఇంజను నిమిషానికి 7,000 చుట్లు తిరిగితే కేమ్ షాఫ్టు 3,500 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కో వాల్వు సెకనుకు 58 సార్లు లేచి కూర్చోవాలి. ఒక దశలో వాల్వు స్ప్రింగు దాన్ని వెనక్కి లాగలేకపోతుంది. ట్యాపెట్ కేమ్ అంచును వదిలి గాలిలో తేలుతుంది. ఆ క్షణంలో ఏర్పడిన ఖాళీని హైడ్రాలిక్ ట్యాపెట్ నిజమైన సందే అనుకుని ఆయిలుతో నింపేస్తుంది. ఇక వాల్వు మూతపడదు. ఇంజను దమ్ము కోల్పోయి తడబడుతుంది. వేగం తగ్గించి, ఆ ఆయిలు కారిపోతే గాని మామూలు కాదు. పందెంలో అంత తీరిక ఎక్కడిది?

ఇందుకు మంచి ఉదాహరణ షెవ్రొలే కమారో జెడ్-28. అమెరికాలో ట్రాన్స్-యామ్ పందేలకు ఇంజను 5 లీటర్లు, అంటే 305 ఘనపుటంగుళాలు దాటకూడదని నియమం. దానికి లోబడి 302 ఘనపుటంగుళాల ఇంజను కట్టి 1967 నుంచి 1969 దాకా అమ్మారు. అందులో వేసినవి గట్టి ట్యాపెట్లే. సందు వెయ్యింట 30 అంగుళాలు, అంటే మిల్లీమీటరులో ముప్పాతిక! రోడ్డు మీద ఎంత గోల చేసిందో ఊహించుకోవచ్చు. 1968, 1969 ట్రాన్స్-యామ్ పోటీల్లో మార్క్ డొనహ్యూ నడిపిన కమారోలు ఛాంపియన్‌షిప్ తెచ్చాయి.

అలాగని గట్టిదే ఎప్పటికీ మేలని తీర్మానించడం పొరపాటు. తర్వాత అడుగున చక్రం ఉన్న రోలర్ ట్యాపెట్లు వచ్చాయి. రాపిడి తక్కువ, వాల్వును వేగంగా లేపవచ్చు. బరువు మాత్రం ఎక్కువ, గట్టి స్ప్రింగులు కావాలి. 2006లో వచ్చిన కొర్వెట్ జెడ్-06లో హైడ్రాలిక్ రోలర్లే వేసి, టైటానియం ఇన్‌టేక్ వాల్వులతో బరువు తగ్గించి, 7,000 చుట్ల దాకా తిప్పారు. మరోవైపు నాస్కార్ పెద్ద పందేల్లో 2015 దాకా రోలర్లకు అనుమతి లేదు. అప్పటివరకు చదును ట్యాపెట్లతోనే 9,000 దాటించారు. ట్యాపెట్ ఒక్కటే చూస్తే చాలదు. వాల్వు బరువు, స్ప్రింగు, పుష్ రాడ్డు గట్టితనం అన్నీ కలిసిరావాలి.

పాత అమెరికన్ ఇంజను బాగుచేయించుకునే వారికి నా సలహా ఇది: ఊళ్లో తిరిగి, ఎప్పుడో ఒకసారి 6,000 ముట్టే బండికి హైడ్రాలిక్ చాలు. రోజూ పైచుట్లలో తిప్పాలంటే గట్టివి వేయించి, సందు చూసుకునే ఓపిక పెట్టుకోవాలి. రెండూ కావాలంటే హైడ్రాలిక్ రోలర్. ఖర్చు దండిగానే అవుతుంది. ఏది వేసినా కేమ్ షాఫ్టు దానికి తగ్గదే కావాలి. గట్టి ట్యాపెట్ కోసం చెక్కిన కేమ్‌లో సందును మెల్లగా మింగే వాలు ఉంటుంది. దానిపై హైడ్రాలిక్ వేస్తే పని చెడుతుంది.

చదును ట్యాపెట్లకు ఇంకో గండం ఆయిలు. పొగగొట్టంలోని కాటలిస్టు పాడవకుండా కొత్త ఆయిళ్లలో జింకు-భాస్వరం మందు తగ్గించారు. అది చాలకపోతే కొత్త కేమ్ మొదటి అరగంటలోనే అరిగిపోవచ్చు. అరిగిన ట్యాపెట్లను కొత్త కేమ్ మీద వేయనే కూడదు. పాతవే తిరిగి వాడితే ఏది ఎక్కడిదో అక్కడే పెట్టాలి.

సందు సరిచూసినప్పుడల్లా కొలత రాసి పెట్టుకోండి. ఒక్క వాల్వు దగ్గరే అది పెరుగుతూ పోతుంటే స్క్రూ తిప్పి ఊరుకోవద్దు. కింద ఆ కేమ్ అంచు అరుగుతోందేమో విప్పి చూడండి.