పాత కారు – క్రొత్త మెదడు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున ఉన్న మాదాపూరు ఒకప్పుడు బండరాళ్లతోను, పొదలతోను నిండిన ప్రదేశము. 1998లో అచట సైబర్ టవర్స్ అను భవనము ప్రారంభమైనది. పిమ్మట హైటెక్ సిటీ, కొండాపూరు, గచ్చిబౌలి మొదలగు ప్రాంతములు కార్యాలయములతో నిండి సైబరాబాదుగా పేరొందినవి. నేడు ఆ వీథులలో వేలకొలది కార్లు బారులు తీరి సాగుచుండును. వానిలో పెక్కు క్రొత్తవే. ఐనను అప్పుడప్పుడు ఆ బారుల నడుమ గుండ్రని కప్పు గల పాత అంబాసిడరు ఒకటి కనబడును. చూపరులు దానిని ముచ్చటగా చూతురు. పైరూపు తాతలనాటిది, లోపల మాత్రము క్రొత్త కంప్యూటరు ఉండవచ్చును. అట్టి కారునకు జబ్బు చేసినచో దానిని కనుగొనుట ఎట్లు?

ముందుగా పాత పద్ధతిని తెలిసికొనవలెను. అంబాసిడరు కారును హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాలో తయారుచేసెడిది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అను ఇంగ్లండు దేశపు కారు దానికి మాతృక. 1950వ దశకపు చివర మొదలైన ఆ తయారీ 2014లో ఆగిపోయినది. చిరకాలము దానికి అమర్చిన పెట్రోలు ఇంజను పరిమాణము 1489 ఘన సెంటీమీటర్లు. పెట్రోలు చక్కగా మండవలెనన్న ఒక గ్రాము పెట్రోలునకు సుమారు 14.7 గ్రాముల గాలి కావలెను. పాత కార్లలో ఈ పాలును కుదుర్చునది కార్బురేటరు. గాలి ఇరుకైన గొంతు గుండ వడిగా పోవునప్పుడు అచట ఒత్తిడి తగ్గును. ఆ తగ్గుదల వలన సన్నని రంధ్రము నుండి పెట్రోలు పైకి వచ్చి తుంపరలై గాలిలో కలియును. మెకానిక్కు చెవితో విని, మరతిప్పి, దానిని సరిచేసెడివాడు.

క్రొత్త పద్ధతిలో ఈ కొలతను కంప్యూటరు నిర్ణయించును. జర్మనీ దేశపు బాష్ సంస్థ 1967లో ఫోక్స్‌వాగన్ 1600 కారునకు ఎలక్ట్రానిక్ పద్ధతిలో పెట్రోలు చిమ్ము ఏర్పాటును అందించినది. ఆ మార్గము క్రమముగా లోకమంతట వ్యాపించినది. ఇంజనును నడపు ఈ కంప్యూటరును ఈ.సి.యు. అని పిలుతురు. పాత కారు మీది మక్కువ గలవారు కొందరు కార్బురేటరును తీసివేసి, ఈ.సి.యు.ను, పెట్రోలు చిమ్ము ఇంజెక్టర్లను అమర్చుకొందురు.

ఇట్టి మార్పులకు చట్టపు హద్దులు కలవు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము నమోదు అధికారి అనుమతి లేనిదే ఇంజనును మార్చరాదు. 2021లో వచ్చిన నియమముల ప్రకారము ఏబదియేండ్లు దాటి, పెద్ద మార్పులు లేక తొలిరూపున నిలిచిన వాహనమునకే పురాతన వాహనమను గుర్తింపు లభించును. చౌమహల్లా ప్రాసాదములో ప్రదర్శనమునందున్న నిజాము ప్రభువుల రోల్స్ రాయిస్ కారు వంటివానిని ఉన్నవి ఉన్నట్లు కాపాడుటయే ధర్మము. మార్పు చేసిన కారు వేరు, చరిత్రను చెప్పు కారు వేరు.

ఈ.సి.యు. ఇంజనును స్వయముగా చూడజాలదు. రాజునకు చారులే కన్నులని పెద్దలందురు. కోటలోని రాజు చారులు తెచ్చిన వార్తలను బట్టి ఆజ్ఞలిచ్చును. అట్లే ఈ.సి.యు. సెన్సార్లు పంపు విద్యుత్ సంకేతములను బట్టి పెట్రోలును కొలిచి ఇచ్చును. ఒక సెన్సారు పండ్లచక్రము తిరుగుడును గమనించి ఇంజను ఎంత వేగముగ తిరుగుచున్నదో చెప్పును. ఒకటి గాలి ఒత్తిడిని, ఒకటి గాలి వేడిమిని, వేరొకటి ఇంజనును చల్లబరచు నీటి వేడిమిని తెలుపును. యాక్సిలరేటరును ఎంత తొక్కినది ఇంకొకటి చెప్పును. పొగగొట్టములోని ఆక్సిజన్ సెన్సారు పెట్రోలు పాలు ఎక్కువయినదో తక్కువయినదో తెలుపును.

చారుడు తప్పుడు వార్త తెచ్చినచో రాజు తప్పుడు ఆజ్ఞ ఇచ్చును. నీటి వేడిమిని తెలుపు సెన్సారు చల్లగా నున్నపుడు విద్యుత్తును ఎక్కువగా నిరోధించును; వేడెక్కిన కొలది ఆ నిరోధము తగ్గును. దాని తీగ తెగినదనుకొనుడు. నిరోధము మితిమీరినట్లగును. ఇంజను మంచుగడ్డవలె నున్నదని ఈ.సి.యు. భ్రమపడి, పెట్రోలును కుమ్మరించును. నల్లపొగ వచ్చును. క్రొత్త కార్లలో ఇట్టి అసాధ్యపు వార్తను పసికట్టి హెచ్చరిక దీపము వెలిగించు ఏర్పాటు ఉండును. మార్పు చేసిన పాత కారులో ఆ ఏర్పాటు లేకపోవచ్చును. అచట మనుష్యుని బుద్ధియే దీపము.

ఒక ఉదాహరణము తీసికొనుడు. మే నెల మధ్యాహ్నము. బయట 41 డిగ్రీల ఎండ. ఈ.సి.యు. అమర్చిన పాత అంబాసిడరు కొండాపూరు నుండి గచ్చిబౌలికి బయలుదేరినదనుకొనుడు. దారి దొరికినంతవరకు చక్కగా నడచినది. బయోడైవర్సిటీ కూడలి దగ్గర రద్దీలో పది నిమిషములు నిలిచినది. తిరిగి కదలబోవగా దగ్గి, తడబడి, ఆగిపోయినది. వెనుక నుండి హారన్ల మోత! యజమానికి చెమటలు పట్టినవి.

తొందరపడు మెకానిక్కు ఇట్టి సమయమున ఒకదాని తరువాత ఒకటిగా సెన్సార్లను మార్చును. యజమాని సంచి ఖాళీయగును; జబ్బు ఉన్నచోటనే ఉండును. నేర్పరి అట్లు చేయడు. అతడు మొదట ప్రశ్నించును: “ఉదయము బాగుగ నడచినదా? వేగముగ పోవునప్పుడు ఆగినదా? నిలిచిన తరువాతనే ఆగినదా?” నిలిచి వేడెక్కిన తరువాతనే ఆగినదని తేలినది. సగము దారి తెలిసినట్లే.

తరువాత అతడు విద్యుత్తును పరీక్షించును. పాత కార్లలోని డైనమో ఇంజను నెమ్మదిగ తిరుగునప్పుడు విద్యుత్తును చాలినంత ఇయ్యదు. పెట్రోలు పంపు, చల్లబరచు ఫ్యాను రెండును ఆ కొద్ది విద్యుత్తునే పంచుకొనవలెను. బ్యాటరీ బలము తగ్గినచో ఇంజెక్టర్లు ఆలస్యముగ తెరచుకొనును. కావున ఇంజను నడచుచుండగా బ్యాటరీ దగ్గర సుమారు 14 వోల్టులు ఉన్నవో లేవో మల్టీమీటరుతో చూడవలెను. ఎర్త్ తీగలను బిగించిన చోట త్రుప్పుగాని రంగుగాని అడ్డుపడినను సెన్సార్ల మాటలు తారుమారగును. ఈ కారులో డైనమోకు బదులు ఆల్టర్నేటరును ముందే అమర్చిరి. ఎర్త్ కూడ సరిగనే ఉన్నది.

మరునాటి ఉదయము, ఇంజనును నడపకముందే, అతడు లాప్‌టాపును ఈ.సి.యు.కు కలిపి సెన్సార్ల మాటలను చదువును. రాత్రియంతయు నిలిచిన కారులో నీటి వేడిమియు, గాలి వేడిమియు ఒకటిగా ఉండవలెను. గాలి ఒత్తిడిని తెలుపు సెన్సారు ఆ ఊరి వాతావరణపు ఒత్తిడిని చూపవలెను. సముద్రతీరమున విశాఖపట్టణములో అది సుమారు 101 కిలోపాస్కళ్లు. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నందున ఇచట సుమారు 95 మాత్రమే. హైదరాబాదులో 101 చూపు సెన్సారును నమ్మరాదు. ఖర్చులేని ఈ పరీక్ష వలన ముగ్గురు సాక్షుల నిజాయితీ తేలిపోవును. ఈ కారులో మూడును సరిగనే ఉన్నవి.

అప్పుడతడు కారును ఎండలో నిలిపి, ఇంజనును నడుపుచు అంకెలను వ్రాసికొనును. నిమిషములు గడచిన కొలది గాలి వేడిమి 50, 60, 70 డిగ్రీలని పెరుగుచుండును. బయట చూడగా 41 మాత్రమే! కారణము వెదకగా దొరకినది. ఈ పాత ఇంజనులో గాలి లోనికిపోవు గొట్టము, పొగ వెలికివచ్చు గొట్టము రెండును ఒకే ప్రక్కన చేరియుండును. సెన్సారును ఆ వేడి లోహములోనే బిగించిరి. అది గాలి వేడిమిని కాక గొట్టపు వేడిమిని చెప్పుచున్నది. వేడిగాలి పలుచన గదా యని ఈ.సి.యు. పెట్రోలును తగ్గించుచున్నది. ఇంజను ఆకలితో ఆగిపోవుచున్నది. సెన్సారు చెడలేదు, అబద్ధమాడలేదు. దానిని నిలిపిన చోటు సరికాదు. దానిని గాలివడపోత మూతి దగ్గరకు మార్చి, మరల ఎండలో నిలిపి పరీక్షించినచో కారు చక్కగా కదలును.

ఇట్టివి మరికొన్ని కలవు. ఆక్సిజన్ సెన్సారునకు ముందు పొగగొట్టమున చిల్లి పడినచో బయటి గాలి లోనికి చొరబడును. పెట్రోలు చాలలేదని సెన్సారు చెప్పును. ఈ.సి.యు. మరింత పెట్రోలు పోయును. ఇచట మార్చవలసినది సెన్సారు కాదు, అతుకవలసినది చిల్లి.

ఈ పనిలో ఆపదయు కలదు. కార్బురేటరు కారులో పెట్రోలు స్వల్పమైన ఒత్తిడితో ప్రవహించును. ఇంజెక్టర్ల పద్ధతిలో ఆ ఒత్తిడి సుమారు పదిరెట్లు. పాత రబ్బరు గొట్టములు దానికి తాళలేవు. పెట్రోలులో కలుపు ఇథనాలు కూడ పాత రబ్బరును చెరుపగలదు. వేడి ఇంజను మీద పెట్రోలు చిమ్మినచో కారు నిలువున దగ్ధమగును. కావున తగిన గొట్టములు వేయవలెను. ఇంజను ఆగిన వెంటనే పంపు ఆగు ఏర్పాటును ఎన్నడును తొలగింపరాదు. లోపలి ప్రాణముల కంటె ముచ్చట గొప్పది కాదు.

హైటెక్ సిటీ ప్రాంతములో హ్యుందాయ్ సంస్థ వారి ఇంజనీరింగు కేంద్రము కలదు. అట్టి చోట్ల విద్యావంతులు కంప్యూటర్ల మీద కార్లను రూపొందింతురు. వీథి మలుపులోని షెడ్డులో మెకానిక్కు నూనె చేతులతో వానిని బాగుచేయును. ఇరువురి విద్య ఒకటియే: చూచుట, కొలుచుట, ఒకసారి ఒకదానినే మార్చుట, ఫలితమును వ్రాసికొనుట. యంత్రము చెప్పు అంకె ఒక వార్త మాత్రమే. అది ఎచటి నుండి వచ్చినది, ఎవరు చెప్పిరి, ఎట్లు చెప్పిరి అని విచారించిన పిమ్మటనే అది సత్యమగును. వార్త వినిన వెంటనే నమ్మక, సాక్షిని దండింపక, నిలకడగ నిజమును తెలిసికొనువాడే నేర్పరి. ఈ నేర్పు కారు విషయముననే గాక సకల వ్యవహారములలోను మనుష్యునకు అక్కరకు వచ్చును.