పసిపిల్లల కేంద్రాలపై పర్యవేక్షణ ఎవరిది?

• మార్గదర్శకాలు ఉన్నా చట్టబద్ధత కరవు
• చిన్న కేంద్రాలు మూతపడకుండా సంస్కరణ అవసరం

ఉద్యోగాలకు వెళ్లే దంపతులు ఉదయాన్నే రెండేళ్ల బిడ్డను వీధి చివరనున్న సంరక్షణ కేంద్రంలో వదిలి వెళ్లడం నేడు చిన్న పట్టణాల్లోనూ సర్వసాధారణమైంది. సాయంత్రం వరకు ఆ బిడ్డ క్షేమం నిర్వాహకుల మంచితనంపైనే ఆధారపడి ఉంటుంది. ఆ కేంద్రాన్ని ఏ అధికారి చివరిసారిగా పరిశీలించారో చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

ఒక్కో బిడ్డకు ఒక్కో నిబంధన

బిడ్డ ఎక్కడ పెరుగుతున్నాడనే దానిని బట్టి పర్యవేక్షణ మారిపోతోంది. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద నడుస్తున్న అంగన్‌వాడీలపై సూపర్‌వైజరు, ఆపై సీడీపీవో అజమాయిషీ ఉంటుంది. అనాథ బాలల వసతి గృహాలు 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం తప్పనిసరిగా నమోదు కావాలి. నమోదు లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ప్రైవేటు డే కేర్ కేంద్రాల పరిస్థితి ఇందుకు భిన్నం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వారికే వర్తిస్తుంది. మూడేళ్లలోపు పిల్లలను చూసుకునే ప్రైవేటు కేంద్రాలకు దేశమంతటా వర్తించే ప్రత్యేక లైసెన్సు చట్టం లేదు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం కల్పించాలని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించారు. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఈ నిబంధన కొనసాగింది. ఆ కేంద్రాల నిర్వహణకు కేంద్ర ప్రభుత్వం 2018లో మార్గదర్శకాలు జారీ చేసింది. వీధిలోని ప్రైవేటు కేంద్రం మాత్రం వీటి పరిధిలోకి రాదు.

రికార్డులు చూస్తే సరిపోదు

అగ్నిమాపక శాఖ, పురపాలక సంఘం వంటివి ఎవరి పత్రం వారు చూసుకుంటే బిడ్డను చూసేవారు కరవవుతారు. ముందుగా కబురు పంపి చేసే తనిఖీలో హాజరు పట్టీ సక్రమంగానే కనిపిస్తుంది. ఒక్క ఆయా ఎంతమంది పసివారిని చూస్తోంది, వంట గదికి, పిల్లల గదికి మధ్య అడ్డు ఉందా, బయటకు వెళ్లే దారి తెరిచి ఉందా అన్నది ఆకస్మికంగా వెళ్తేనే తెలుస్తుంది. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో పాఠశాల వంటశాల నుంచి పాకిన మంటలకు 94 మంది చిన్నారులు బలయ్యారు. తనిఖీల్లో అలసత్వం వహిస్తే ఏమవుతుందో ఆ దుర్ఘటన చాటింది.

సంస్కరణ ఎలా ఉండాలి?

నిబంధనలు కఠినం చేస్తే చాలుననుకోవడమూ పొరపాటే. ఇంట్లోనే నలుగురు పిల్లలను చూసుకునే మహిళకు, వందమందితో నడిచే సంస్థకు ఒకే లైసెన్సు రుసుము విధిస్తే మొదటి ఆమె చాటుగా నడుపుతుంది, లేదా మానేస్తుంది. అప్పుడు కూలికి వెళ్లే తల్లి బిడ్డను పొలం గట్టున పడుకోబెట్టక తప్పదు. అందువల్ల చిన్న కేంద్రాలకు రుసుము లేని సులభ నమోదు, పెద్దవాటికి పూర్తిస్థాయి అనుమతి ఉండటం మేలు. జిల్లా స్థాయిలో ఒకే అధికారికి బాధ్యత అప్పగించి, ఏడాదికి రెండుసార్లయినా ఆకస్మిక తనిఖీ జరిపించాలి. తనిఖీ నివేదికను కేంద్రం గుమ్మం వద్దే తెలుగులో అతికించాలి. లోపాలు సరిదిద్దుకునేందుకు గడువివ్వాలి. మూసివేయక తప్పనప్పుడు సమీప అంగన్‌వాడీలో పిల్లలకు చోటు చూపాలి.

తల్లిదండ్రులు గమనించాల్సినవి

చట్టం వచ్చేవరకు తల్లిదండ్రులే తనిఖీదారులు కావాలి. మూడేళ్లలోపు పిల్లలు పదిమందికి ఒక సంరక్షకురాలు ఉండాలన్నది 2018 మార్గదర్శకాల్లోని కొలమానం. ప్రైవేటు కేంద్రంలోనూ దానిని అడగవచ్చు. చెప్పకుండా మధ్యాహ్నం వేళ వెళ్లి చూడాలి. లోపలికి రానివ్వకపోతే అనుమానించాల్సిందే. బిడ్డపై వేధింపులు జరుగుతున్నట్లు తెలిస్తే 1098కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మాటలు రాని పసివాడు తన కష్టాన్ని చెప్పుకోలేడు. వాడి తరఫున అడగాల్సిన బాధ్యత ప్రభుత్వంపై, సమాజంపై ఉంది.