మీకు తెలుసా? మానేసిన సిగరెట్ ఆనవాలు కూడా రక్తంలో దొరుకుతుంది!

‘సిగరెట్ అలవాటుందా?’ అని డాక్టర్ అడిగితే ‘ఎప్పుడో మానేశానండీ’ అనే జవాబు తరచూ వినిపిస్తుంది. అది నిజమో కాదో తేల్చడానికి బాగా వాడుకలో ఉన్నది కొటినిన్ పరీక్ష. ఒంట్లోకి వెళ్లిన నికోటిన్ కొటినిన్‌గా మారి రక్తంలో, ఉమ్మిలో, మూత్రంలో కనిపిస్తుంది. అయితే 16 నుంచి 20 గంటలు గడిచేసరికి సగానికి పడిపోతుంది. వారం రోజులు సిగరెట్ ముట్టకుండా వెళ్లి పరీక్ష చేయించుకుంటే దాదాపు ఏమీ బయటపడదు. ఇక పదేళ్ల కిందటి అలవాటు దానికేం తెలుస్తుంది?

ఆ పాత లెక్క మన డీఎన్ఏ మీద ఉంటుంది. డీఎన్ఏలోని సైటోసిన్ మీద ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లున్న చిన్న మిథైల్ తునక అతుక్కోవడాన్ని మిథైలేషన్ అంటారు. దీనివల్ల జన్యువు రాత మారదు, అది ఎంత చురుగ్గా పనిచేస్తుందన్నది మారుతుంది. ఈ మిథైలేషన్‌ను చూసే పరీక్షకు రక్తం తీసినా పనికొచ్చేవి తెల్లకణాలే. ముదిరిన ఎర్రకణాల్లో కేంద్రకం ఉండదు, కాబట్టి అందులో చదవడానికి డీఎన్ఏ కూడా దొరకదు.

2011లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ శాస్త్రవేత్తలు ఎఫ్2ఆర్ఎల్3 అనే జన్యువు దగ్గర పొగతాగేవాళ్లకు మిథైలేషన్ తక్కువగా ఉందని పసిగట్టారు. మరుసటి ఏడాది అంతకంటే గట్టి ఆనవాలు దొరికింది. అది 5వ క్రోమోజోమ్ మీది ఏహెచ్ఆర్ఆర్ జన్యువు. పొగలోని విషాలు కణంలోకి రాగానే ఏహెచ్ఆర్ అనే ప్రొటీన్ వాటిని పట్టుకుని, విరగ్గొట్టే ఎంజైములను పనిలోకి దించుతుంది. ఆ పని శ్రుతి మించకుండా ఆపే బ్రేకు ఏహెచ్ఆర్ఆర్. రోజూ పొగ పీల్చేవాళ్లలో ఈ జన్యువు దగ్గర మిథైల్ తునకలు తగ్గిపోతాయి. ఎన్ని ఎక్కువ కాలిస్తే అంత తగ్గుతాయి. అందుకే ఇది ‘తాగుతాడా లేదా’ అన్న దగ్గరే ఆగదు, ‘ఎంత తాగాడు’ అన్నదీ చాలావరకు పట్టిస్తుంది. లండన్‌లోని సౌతాల్ ప్రాంతంలో స్థిరపడ్డ దక్షిణాసియా వాళ్ల రక్తంలోనూ పొగ గుర్తులు కనిపించాయి.

మరి మానేస్తే? 2016లో 16 అధ్యయనాలను కలిపి, దాదాపు 16 వేల మంది రక్తాన్ని పరిశీలించారు. పొగ ముద్ర 7 వేలకు పైగా జన్యువుల మీద కనిపించింది. మానేసిన వాళ్లలో వాటిలో ఎక్కువ భాగం ఐదేళ్లలోపే పొగతాగని వాళ్ల స్థాయికి వచ్చేశాయి. నా మటుకు ఈ పరిశోధన మొత్తంలో అందరికీ చెప్పాల్సిన ముక్క ఇదే. కొన్ని మాత్రం 30 ఏళ్లు గడిచినా పూర్తిగా సర్దుకోలేదు.

ఇంకో సంగతి. స్వీడన్‌లో పెదవి కింద పెట్టుకునే ‘స్నూస్’ అనే తడి పొగాకు వాడకం ఎక్కువ. 2014లో అక్కడి ఉత్తర ప్రాంతపు వాళ్ల రక్తం చూస్తే, పొగతాగేవాళ్లలో కనిపించిన మార్పులు స్నూస్ వాడేవాళ్లలో లేవు. అంటే ఈ ముద్ర వేసేది నికోటిన్ కాదు, కాలిన పొగాకు. అలాగని ఖైనీ, గుట్కా నమిలేవాళ్లు ధీమాగా ఉండటానికి లేదు. నోటి క్యాన్సర్‌కు ఈ ఆనవాలుతో పనిలేదు. కొటినిన్ పరీక్షకు నికోటిన్ ఎక్కడిదైనా ఒకటే, కాబట్టి సిగరెట్ మాని నికోటిన్ ప్యాచ్ వేసుకున్న మనిషి కూడా దొరికిపోతాడు. ఏహెచ్ఆర్ఆర్ పరీక్ష అతనికి న్యాయం చేయగలదు. ఇంత లోతుగా చదవగల పరీక్షను మనిషి అనుమతి లేకుండా బీమా కంపెనీలో, ఉద్యోగమిచ్చేవాళ్లో వాడకూడదని చట్టమే గట్టిగా చెప్పాలి.

ఈ ముద్ర పడటానికి ఎవరికి వాళ్లే సిగరెట్ ముట్టించాల్సిన అవసరం కూడా లేదు. నార్వేలో వెయ్యి మందికి పైగా నవజాత శిశువుల బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షించి 2012లో ప్రచురించిన ఫలితాల్లో, గర్భంతో ఉండగా తల్లి పొగతాగిన పిల్లల్లో అదే ఏహెచ్ఆర్ఆర్ గుర్తు బయటపడింది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ప్రాంతపు పిల్లల్ని పుట్టినప్పుడు, ఏడేళ్లకు, 17 ఏళ్లకు పరీక్షిస్తే కొన్ని గుర్తులు చివరిదాకా నిలిచే ఉన్నాయి. తండ్రి పొగతాగిన పిల్లలతో పోల్చి చూస్తే తల్లి పొగ ప్రభావమే బలంగా కనిపించింది. అందుకే ఈ మార్పు కడుపులో ఉన్నప్పుడే మొదలైందని పరిశోధకులు భావిస్తున్నారు.