రూల్సు మారినయ్, మరి పాత లడాయి ఎట్ల ఆడాలె?

2018 సెప్టెంబర్ నెల మాకు రెండు కొత్తలు తెచ్చింది. ఎల్బీనగర్ దాంక మెట్రో వచ్చింది, ఎక్స్-వింగ్ ఆటకు రెండో ఎడిషన్ వచ్చింది. మొదటిదాంతోని సుఖమైంది. రెండోదాంతోని మా జట్టుల ఒకడు ఆటే ఇడిసిపెట్టిండు. గా ముచ్చటే చెప్త.

తెల్వనోళ్ల కోసం జెరంత. ఎక్స్-వింగ్ అంటే స్టార్ వార్స్ సినిమాల ఓడలతోని బల్ల మీద ఆడే అంతరిక్ష లడాయి. అరచేతిల పట్టే ప్లాస్టిక్ ఓడలు, మూడడుగుల చదరం. ఎటు తిరగాలె, ఎంత దూరం పోవాలె అని ఇద్దరూ చాటుంగ చక్రం తిప్పి పెట్టుకుంటరు, తర్వాత బయటపెట్టి ఓడలు జరుపుతరు, పాచికలేసి కాల్చుకుంటరు. 2012ల ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ అనే అమెరికా కంపెనీ తెచ్చింది. మా బావ అక్కడికెల్లి వచ్చుకుంట ఒక డబ్బా తెచ్చిండు. దిల్‌సుఖ్‌నగర్ల మా రూం ఎంతుండెనో హాస్టళ్లల్ల ఉన్నోళ్లకు ఎర్కే. మంచం లేపి గోడకు నిలవెడితే గాని మూడడుగుల జాగ దొరకకపోయేది.

డబ్బాల మూడు ఓడలు. రెబెల్స్‌కు ఒక ఎక్స్-వింగ్, ఎంపైర్‌కు రెండు టై ఫైటర్లు. ఉత్తగ కొట్టుకునుడే కాకుండ కథ పెట్టి ఆడేటందుకు మిషన్లు గూడ ఇచ్చిన్రు. మాకు ‘పొలిటికల్ ఎస్కార్ట్’ అంటే పానం. సెనేటర్ కూసున్న షటిల్‌ను ఎక్స్-వింగ్ కాపాడుకుంట తీస్కపోవాలె, టైలు దాన్ని కూల్చాలె.

రెండో ఎడిషన్ కార్డులు చేతికొచ్చినంక గదే మిషన్ ఆడినం. వరుసగ ఐదు ఆదివారాలు రెబెల్సే గెలిచిన్రు. టైలు ఆడే దోస్తు ఎల్బీనగర్‌కెల్లి వచ్చేటోడు. నడుమ విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి స్టేషన్లు, గంతే దూరం. ఆరో ఆదివారం రాలే. ‘ఓడిపోనీకి మెట్రో టికెట్ దండుగ కాదా అన్నా’ అన్నడు ఫోన్ల. వాని తప్పేం లేదు. తప్పు మేం చేసిన మార్పుల ఉంది.

మేం చూసింది పాయింట్లే. మొదటి ఎడిషన్ల ఒక్కొక్కరి జట్టుకు 100, రెండోదాంట్ల 200. రెండుతోని గుణిస్తే అయిపాయె అనుకున్నం, పాత మెటీరియల్‌కు కొత్త అట్టేసి ఫుట్‌పాత్ మీద అమ్మినట్టు. కాని అసలు మార్పు ఓడ లోపట జరిగింది. పాత ఎక్స్-వింగ్‌కు ఒళ్లు 3, కవచం 2, మొత్తం ఐదు దెబ్బలకు ఓర్సేది. కొత్తదానికి ఒళ్లు 4 చేసిన్రు. పక్కకు దొర్లే బ్యారెల్ రోల్ గూడ ఇచ్చిన్రు. టై ఫైటర్ మాత్రం గప్పుడూ మూడు దెబ్బలే, గిప్పుడూ మూడు దెబ్బలే.

ఒక్క దెబ్బకే ఏమైతది అంటరా? లెక్క చూడున్రి. టై రెండు దాడి పాచికలేస్తది. ఒక్కోదానికి ఎనిమిది ముఖాలు, నాలుగు తగుల్తయ్. ఎక్స్-వింగ్ రెండు రక్షణ పాచికలేస్తది, ఎనిమిదిట్ల మూడు తప్పిస్తయ్. ఫోకస్ లాంటి సాయాలు, దూరం లెక్కలు పక్కకు పెడితే సగటున ఒక్క కాల్పుకు అర దెబ్బ పడుతది. అంటే ఐదు దెబ్బలకు పది కాల్పులు, ఆరుకు పన్నెండు. టైలు రెండు కాబట్టి ఎక్స్-వింగ్ పూరా ఒక రౌండ్ ఎక్కువ బతుకుతది. మా ఆటల గట్టిగ కాల్చుకునేదే నాలుగైదు రౌండ్లు. గండ్ల ఒకటి ఉత్త పుణ్యానికి ఇచ్చినట్టాయె.

‘ఒళ్లు మల్ల 3 అని రాసుకుందాం’ అన్నడు ఇంకో దోస్తు. నేనొప్పుకోలే. కార్డు మీద ఒకటి, మన నోట్ల ఒకటి ఉంటే దినాం పంచాయితే. మా నాయనమ్మ అష్టాచెమ్మల గవ్వలు పోతే చింతగింజలు పగులగొట్టి వాడేది. గింజలు గవ్వల లెక్క పడవు. అష్టలు మస్తు పడుతుంటే ఆమె గింజలను ఏమనలే, ‘అష్ట పడితే మల్లోపారి ఎయ్యొద్దు’ అని రూలు పెట్టింది. మేమూ గట్లనే ఓడను ముట్టుకోలే, కథను జరిపినం. మొదటి రౌండ్ల షటిల్ కదలొద్దు, సెనేటర్ ఇంకా ఎక్కుతున్నడు అనుకోవాలె. ఎక్స్-వింగ్‌కు దొరికిన రౌండు టైలకు గూడ దొరికింది. తర్వాత పది ఆటలల్ల రెబెల్స్ ఆరు, ఎంపైర్ నాలుగు. నాకు చాలు.

అన్నిటికీ గిట్ల లెక్క కుదరదు. మిలీనియం ఫాల్కన్ పాత రూల్సుల నాలుగు దిక్కులా కాల్చేది. కొత్తదాంట్ల తుపాకీ ఎదురుబొదురుగ రెండు దిక్కులకే. తిప్పాల్నంటే ఆ రౌండ్ల చేసే పనిని దానికే ఖర్చు పెట్టాలె. నడుమ చెడిపోయిన ఫాల్కన్, చుట్టూ టైలు అని మేం సొంతంగ రాసుకున్న మిషన్ ఒకటుండె. ఏ పక్కను ఖాళీగ ఇడువాలె అనే భయం పాతదాంట్ల లేకుండె. గా భయం మాకు నచ్చింది. ఒక టైను తీసేసి మిగిలింది అట్లనే ఉంచినం.

2022ల వేరే కంపెనీ, అటామిక్ మాస్ గేమ్స్, మల్ల రూల్సు మార్చి జట్టు పాయింట్లను 20 చేసింది. 100, 200, 20. గందుకే ఇప్పుడు మిషన్ రాస్తే పాయింట్లు రాయం. ఏ ఓడలు, ఎన్ని, ఎన్ని రౌండ్లు, ఎవరికి సుమారు ఎన్ని కాల్పులు దొరకాలె, గివి రాసి పెడ్తున్నం. రేపు ఏ పుస్తకం పట్టుకున్నా కాల్పులు లెక్కబెట్టి సరిజేసుకోవచ్చు. పైగా 2024 జూన్‌ల ఆ కంపెనీ ఈ ఆటకు కొత్తవి తయారు చేసుడు బందు అని చెప్పింది. ఇగ మన పాత మిషన్లను కంపెనీ మార్చియ్యది.

ఎల్బీనగర్ దోస్తు మల్ల వస్తున్నడు. వచ్చే ఆదివారం ఎక్స్-వింగ్ తనకియ్యాలెనట, టైలు నన్ను పట్టుమంటుండు.