మీకు తెలుసా? పాచి లోపలికి దిగని పుక్కిలింత

చెరువు మెట్ల మీద కాలు జారేదీ పాచే, పొద్దున్నే పంటి మీద నాలుకకు తగిలేదీ పాచే. పళ్ల డాక్టర్లు 'ప్లాక్' అనేది దీన్నే. సూక్ష్మజీవులు జిగట కట్టుకుని అందులో కాపురం పెడతాయి. చిగుళ్లు వాచి నెత్తురు కారడానికి మూలం అక్కడే.

1683లో డెల్ఫ్ట్ అనే డచ్చి ఊళ్లో లీవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు తన పళ్ల సందుల్లోంచి తెల్లటి పాచి గీకి, సొంతంగా చేసుకున్న సూక్ష్మదర్శినిలో చూశాడు. రోజూ ఉప్పుతో పళ్లు తోముకునే మనిషే! అయినా లుకలుకలాడుతూ జీవాలు. ఘాటైన వెనిగర్ పుక్కిలించి మళ్లీ గీకితే ఇంకా లెక్కలేనన్ని బతికే ఉన్నాయి. అదే పాచిని నీళ్లలో కలిపి కాస్త వెనిగర్ పోస్తే మాత్రం వెంటనే చచ్చాయి. పుక్కిలిస్తే పైపైవే చస్తున్నాయి, వెనిగర్ పాచి లోపలికి దిగడం లేదని తేల్చాడు. మూడొందల నలభై ఏళ్లయినా ఆ మాటకు తిరుగులేదు.

ఇప్పుడు డాక్టర్లు రాసే పుక్కిలింత మందు క్లోర్‌హెక్సిడిన్ వెనిగర్ కన్నా గట్టి పిండం. దాని అణువుకున్న ధనావేశం వల్ల పళ్లకూ చిగుళ్లకూ అతుక్కుని గంటల తరబడి పనిచేస్తుంది. 1970లో డెన్మార్క్‌లో 'లో', 'షియాట్' అనే పరిశోధకులు కొందరి చేత బ్రష్ మాన్పించి, 0.2 శాతం మందును రోజుకు రెండుసార్లు పుక్కిలింపించారు. పాచి దాదాపు పట్టనే లేదు. అయితే వాళ్లు మొదలుపెట్టింది శుభ్రంగా ఉన్న పళ్లతో. గార కట్టిన నోటికి ముందు క్లీనింగే దారి. పేస్టులోని నురగ పదార్థం ఈ మందును చెడగొడుతుంది కాబట్టి తోముకున్నాక అరగంట ఆగాలి. వారాల తరబడి వాడితే పళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, టీ తాగేవాళ్లకు మరీను.

ఇంకో చిత్రం ఉంది. నేను క్లీనింగ్ చేయించుకుని ఇది వాడిన రెండో రోజే చారులో ఉప్పు లేదని ఇంట్లో గొడవపడ్డాను. ఉప్పు రుచిని కాసేపు మొద్దుబార్చడం ఈ మందు గుణమని సీసాతో వచ్చిన కాగితంలో చదివేసరికి, చారులో రెండో చెంచా ఉప్పు పడనే పడింది.