గోశాల ఆవును దత్తు తీసుకొంటే అయ్యే ఖర్చెంత?

కర్ణాటక ప్రభుత్వం 2022 జులైలో 'పుణ్యకోటి దత్తు యోజన'ను ప్రారంభించింది. కన్నడనాట పిల్లలందరూ పాడుకొనే గోవు పాటలోని ఆవు పేరునే ఈ పథకానికి పెట్టారు. గౌరిబిదనూరు ప్రాంతపు తెలుగు ఇండ్లలో అది ఆవు–పులి కథగా సుపరిచితమే. గోశాలలోని ఒక ఆవు పోషణకు ఏడాదికి 11,000 రూపాయలు చెల్లించినవారు దానిని దత్తు తీసుకొన్నట్లు లెక్క. ఆవు మాత్రం గోశాలలోనే ఉంటుంది. అంత ఇవ్వలేనివారు ఒక్కరోజు మేతకు 70 రూపాయలు ఇవ్వవచ్చును. పథకానికి ప్రచారకర్తగా ఉన్న నటుడు సుదీప్ జిల్లాకొకటి చొప్పున 31 ఆవులను దత్తు తీసుకొన్నారు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి. రోజుకు 70 రూపాయల చొప్పున ఏడాది మేతకు 25,550 రూపాయలవుతుంది. దత్తు సొమ్మును రోజులకు పంచితే 30 రూపాయలకు పైసలు మాత్రమే ఎక్కువ. అప్పట్లో ప్రభుత్వం గోశాలలకు పశువుకు రోజుకు ఇచ్చిన సహాయధనం 17 రూపాయల 50 పైసలు. రెండూ కలిపినా 48 రూపాయలకు చేరదు. తక్కిన 22 రూపాయలను గోశాలవారు ఇతర దాతలనుండియో, ఎరువు అమ్మియో సమకూర్చుకోవాలి. అనగా దత్తు రుసుము ఆవు వెల కాదు, దాని పూర్తి ఖర్చు కూడా కాదు. ఖర్చులో సగానికి లోపైన వాటా మాత్రమే.

మూడు వందల కిలోల ఆవుకు రోజుకు సుమారు ఆరేడు కిలోల పొడిమేతకు సమానమైన ఆహారం కావాలి. ఉత్తర పినాకిని ఎండిపోయే ఈ సీమలో పచ్చిమేత ఏడాది పొడవునా దొరకదు. రాగిగడ్డి కొనక తప్పదు. పాలిచ్చే ఆవు తన మేతను తానే సంపాదించుకొంటుంది. గోశాలకు చేరేవి ఎక్కువగా వట్టిపోయినవి, ముసలివి, కోడెదూడలు. ట్రాక్టర్లు వచ్చిన తరువాత సంకరజాతి కోడెదూడతో రైతుకు పనిలేదు. 2021 జనవరిలో అమలులోకి వచ్చిన గోవధ నిషేధ చట్టం 13 ఏళ్లు దాటిన ఎనుములను మినహా తక్కిన పశువుల వధను నిషేధించింది. అమ్ముకొనే దారి మూసుకొనడంతో పోషణభారం రైతుపైననో, గోశాలపైననో పడింది. చట్టం చేసినంత సులభంగా గడ్డి సమకూరదు గదా!

ఈ కొరతను పూడ్చుటకే 2022 నవంబరు జీతంనుండి ఉద్యోగుల విరాళం కోరారు: ఏ వర్గంవారికి 11,000, బీ వర్గంవారికి 4,000, సీ వర్గంవారికి 400 రూపాయలు. డీ వర్గంవారిని మినహాయించారు.

కుక్క సంగతి వేరు. దానిని దత్తు తీసుకొన్నవారు ఇంటికే తెచ్చుకొంటారు. ఆశ్రయాలవారు రుసుము అడిగితే అది సాధారణంగా టీకాలకు, సంతాన నిరోధక శస్త్రచికిత్సకు అయిన ఖర్చులో కొంత భాగమే. అసలు ఖర్చు ఆ తరువాత మొదలవుతుంది. మూడు నెలల వయస్సులో రేబిస్ టీకా, పిమ్మట మరొక మోతాదు, అటుపై ఏటేటా టీకా. పది పన్నెండేళ్లపాటు తిండి. రేబిస్ లక్షణాలు కనిపించిన తరువాత మనిషి బ్రతకడం దాదాపు అసాధ్యం గనుక తిండిలో పొదుపు చేసినా టీకాలో చేయరాదు.

దత్తు తీసుకొనదలచినవారు గోశాలవారిని ముందుగా అడగవలసినది ఒకటుంది: ఏడాది గడిచి, దాత మరల చెల్లించకుంటే ఆ ఆవు మేతకు సొమ్ము ఎక్కడినుండి వస్తుంది?