సైకిలు మీద రెండు వందల కిలోమీటర్లు: ఆ రోజు ఒంటికి ఏమవుతుంది?

ఈ మధ్య ఓ.పి.కి వచ్చే కుర్రవాళ్లు, కుర్రవాళ్లే కాదు నలభై యాభై ఏళ్ల వారు కూడా, ఒక కొత్త ప్రశ్న అడుగుతున్నారు. "సిస్టర్ గారూ, రెండు వందల కిలోమీటర్ల సైకిలు రైడుకి పేరిచ్చానండీ, ఏం మాత్రలు పట్టుకెళ్లమంటారు?" అని. మాత్రల సంగతి తరువాత చెప్తాను. అసలు ఆ రోజు ఎలా ఉంటుందో, ఏ గంటకు ఒళ్లు ఏమంటుందో తెలిస్తే మాత్రల అవసరం చాలావరకు ఉండదు.

ఈ రైడ్లను బ్రెవే అంటారు, బ్రెవెట్ అనేవారూ ఉన్నారు. ఇది ఫ్రాన్సు దేశపు పద్ధతి. 1891లో ప్యారిస్ నుంచి బ్రెస్ట్ అనే ఊరికి వెళ్లి మళ్లీ ప్యారిస్ చేరే 1200 కి.మీ. పందెం మొదలైంది. ఇప్పుడది పందెం కాదు, 90 గంటల లోపు పూర్తి చేయవలసిన ప్రయాణం. నాలుగేళ్లకొకసారి జరుగుతుంది, 2023 ఆగస్టులో కూడా జరిగింది. దానికి వెళ్లాలంటే అదే సంవత్సరం 200, 300, 400, 600 కి.మీ. రైడ్లు పూర్తి చేసి ఉండాలి. మన దేశంలో ఆడాక్స్ ఇండియా ర్యాండనర్స్ అనే సంస్థ కింద ఆయా నగరాల క్లబ్బులు వీటిని నడుపుతున్నాయి. మన తెలుగువారికి హైదరాబాద్ ర్యాండనర్స్ ఉన్నారు.

200 కి.మీ.కి ఇచ్చే సమయం 13 గంటల 30 నిమిషాలు. 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. ఫస్టు, సెకండు అని ఎవరికీ బహుమతి ఉండదు. దారిలో కంట్రోలు పాయింట్లు ఉంటాయి, అక్కడ కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. ప్రతి కంట్రోలుకూ మూసే సమయం ఉంటుంది. 100 కి.మీ. దగ్గర ఉన్న కంట్రోలును బయలుదేరిన 6 గంటల 40 నిమిషాలకు మూసేస్తారు. వెనకాల కారులో ఇంట్లోవాళ్లు నీళ్లు అందిస్తూ రావడానికి వీలులేదు. పంక్చరు పడితే మీరే వేసుకోవాలి, ఆకలైతే మీరే కొనుక్కోవాలి. హెల్మెట్, ముందు వెనక లైట్లు, మెరిసే జాకెట్ తప్పనిసరి.

గంటకు 15 కి.మీ. అంటే ఏముందిలే, మా నాన్న గడ్డిమోపు కట్టుకుని తొక్కేవాడు అనుకుంటాం. నిజమే. కానీ ఆ పదిహేను కిలోమీటర్లలో టీ తాగడం, ఒంటికి వెళ్లడం, పంక్చరు, రైల్వే గేటు అన్నీ కలిసే ఉన్నాయి. మన ఊళ్ల లెక్కలో చెప్తాను. తెనాలి నుంచి రేపల్లె, అక్కడి నుంచి బాపట్ల, బాపట్ల నుంచి పొన్నూరు మీదుగా తిరిగి తెనాలి వస్తే సుమారు 125 కి.మీ. 200 అంటే ఆ చుట్టు ఒకటిన్నర సార్ల పైమాట. ఉదయం 6కి బయలుదేరితే రాత్రి ఏడున్నర దాకా సమయం.

మనది డెల్టా, ఎత్తులు లేవు కాబట్టి సులువనుకోవద్దు. కొండదారిలో ఎక్కేటప్పుడు లేచి నిలబడతారు, దిగేటప్పుడు కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది. మనకు ఆ రెండూ లేవు. పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఒకే భంగిమలో కూర్చుని ఆపకుండా తొక్కాలి. అందుకే ఇక్కడ తొక్కేవారికి పిక్కల నొప్పి కంటే సీటు దగ్గర ఒరుపు, చేతివేళ్ల తిమ్మిరి ఎక్కువ. ఉంగరపు వేలు, చిటికెన వేలు మొద్దుబారుతున్నాయంటే హ్యాండిల్ మీద అరచేతిలో నరం నొక్కుకుపోతోందని అర్థం. పావుగంటకొకసారి చేతులు పట్టుకునే చోటు మార్చండి, పది నిమిషాలకొకసారి అర నిమిషం పాటు సీటు మీద నుంచి లేచి తొక్కండి. మగవారికి మర్మస్థానంలో తిమ్మిరి వస్తే సిగ్గుపడి ఊరుకోకండి, దిగి నాలుగు అడుగులు నడవండి. మెత్త ఉన్న సైకిలు నిక్కరు వేసుకుంటే లోపల డ్రాయరు వేసుకోకూడదు, దాని కుట్లే పుండ్లు పెడతాయి. తొడల సందుల్లో వ్యాజిలిన్ గాని కొబ్బరినూనె గాని రాసుకోండి. ఇంటికి రాగానే ముందు చేయవలసిన పని ఆ నిక్కరు విప్పి సబ్బుతో స్నానం చేయడం. తడి నిక్కరుతోనే కూర్చుని కబుర్లు చెప్పుకునేవారికే సెగ్గడ్డలు లేస్తాయి.

రెండవది గాలి. సూర్యలంక వైపు ఉదయం హాయిగా వెళ్లవచ్చు. మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలి తిరుగుతుంది. పొన్నూరు నుంచి బాపట్ల వైపు వచ్చేవారికి అది ఎదురుగాలి. అప్పటికి 120, 130 కి.మీ. అయిపోయి ఉంటుంది, ఎంత తొక్కినా సైకిలు కదలనట్టు ఉంటుంది. మనసు దిగజారేది ఆ గంటలోనే. గాలితో పోట్లాడకుండా గేరు తగ్గించి నెమ్మదిగా వెళ్లేవారు పూర్తి చేస్తారు.

ఇక చెమట. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, కారిపోయే చెమట వల్ల ఉపయోగం తక్కువ. అందుకని చొక్కా తడిసిపోతున్నా ఒంట్లో వేడి మాత్రం తగ్గదు. ఏప్రిల్, మే నెలల్లో ఇటువంటి రైడు నేనైతే వద్దనే చెప్తాను. నవంబరు నుంచి ఫిబ్రవరి మన వైపు మంచి కాలం.

నీళ్లు ఎంత తాగాలి? లీటర్ల కొద్దీ తాగమని కొందరు చెప్తారు. అది పొరపాటు. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు చాలామందికి సరిపోతుంది, దాహాన్ని బట్టి తాగాలి. రోజంతా ఉప్పు లేని మంచినీళ్లే అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, మాట తడబడడం, ఆ తరువాత ఫిట్స్. చూసేవారికి ఇది కూడా ఎండదెబ్బలాగే కనబడుతుంది, ఇంకా నీళ్లు పోస్తారు. ఒకసారి మా క్యాజువాలిటీకి తెచ్చిన మనిషికి ఎలక్ట్రోలైట్స్ రిపోర్టు వచ్చేదాకా మాకూ తేలలేదు. అందుకని తెచ్చినవారు మాకు చెప్పవలసిన మొదటి మాట, పొద్దుటి నుంచి ఏం తాగాడు, ఎంత తాగాడు, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లాడు అన్నది.

ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు ఒక లీటరు నీళ్లలో మొత్తం కలపాలి. అర గ్లాసులో చిక్కగా కలుపుకుని తాగితే వాంతి అవుతుంది. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అన్నీ టీ చెంచాతో తలకొట్టి. పండ్లరసం డబ్బాల మీద ఓ.ఆర్.ఎస్. అని పెద్ద అక్షరాలతో వేసి అమ్మేవారు, అందులో చక్కెర మోతాదుకు మించి ఉండేది. హైదరాబాదులోని పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. కాబట్టి మందుల షాపులో పొడి ప్యాకెట్టే అడిగి తీసుకోండి, దాని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. ఉప్పు వేసిన మజ్జిగ మన దగ్గర ప్రతి ఊళ్లో దొరుకుతుంది, అది చాలా మంచిది. కొబ్బరినీళ్లూ మంచివే గాని వాటిలో ఉప్పు తక్కువ, వాటి మీదే ఆధారపడకూడదు.

తిండి విషయంలో ఒకటే మాట, ఆకలి వేయకముందే తినాలి. మొదటి గంట నుంచే కొంచెం కొంచెంగా. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, గంటకు 30 నుంచి 60 గ్రాములు కావాలి. గంటకొక అరటిపండు, రెండు ఖర్జూరాలో వేరుశనగ ఉండలో ఉంటే దారి సాగుతుంది. ఇడ్లీ, పెరుగన్నం తేలిక. పూరీ, బజ్జీ వద్దు, ఎదురుగాలిలో తిరిగి పైకి వస్తాయి. రైడు రోజున కొత్తవేవీ ప్రయత్నించవద్దు, కొత్త బూట్లు కూడా.

రోడ్డు సంగతి మనవాళ్లకు చెప్పనక్కరలేదు గాని, బయటి ఊరి నుంచి వచ్చేవారు తెలుసుకోవాలి. కోతలయ్యాక సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, వేసవి ముందు మొక్కజొన్న. గింజల మీద సన్నటి టైరు జారుతుంది. గింజలు పోకుండా పెట్టిన రాళ్లు చీకట్లో కనబడవు. వెనక లైటు లేని ట్రాక్టర్లు, గేదెల మందలు సరేసరి. నిజాంపట్నం, రేపల్లె వైపు నుంచి వచ్చే రొయ్యల లారీలు నీళ్లు కార్చుకుంటూ పోతాయి, అక్కడ బ్రేకు గట్టిగా పట్టకండి. డిసెంబరు, జనవరిలో కాలవగట్ల మీద తెల్లవారుజామున మంచు కమ్ముతుంది, లైటు వేసుకుని నెమ్మదిగా వెళ్లాలి. రైలు పట్టాలను అడ్డంగా, తిన్నగా దాటాలి, ఏటవాలుగా దాటితే చక్రం ఇరుక్కుంటుంది. కుక్క వెంటబడితే దిగి సైకిలును అడ్డం పెట్టుకుని నిలబడండి. కరిస్తే సబ్బు, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, రైడు మానేసి అదే రోజు టీకాకి రావాలి. కారం, సున్నం పెట్టవద్దు.

ఆడవారికి ఒక మాట. మూత్రానికి వెళ్లవలసి వస్తుందని నీళ్లు తాగకుండా తొక్కేవారిని చూశాను. అది ఎండదెబ్బకు, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు దారి. బస్టాండ్లు, పెట్రోలు బంకులు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందు రోజే చూసి పెట్టుకోండి.

ఇప్పుడు మాత్రలు. మోకాళ్ల నొప్పికని డైక్లోఫెనాక్, బ్రూఫెన్ వేసుకుని తొక్కడం అన్నింటికన్నా చెడ్డ అలవాటు. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. పైగా నొప్పి తెలియకపోవడం వల్ల మనిషి ఆపవలసిన చోట ఆపడు. బి.పి.కి నీరు తీసే మాత్ర వాడేవారు, గుండె వేగం తగ్గించే మాత్ర వాడేవారు పేరు ఇచ్చే ముందే డాక్టరును అడగాలి, సొంతంగా మానకూడదు. నలభై దాటినవారు, ఇంట్లో గుండెజబ్బు చరిత్ర ఉన్నవారు ముందుగా పరీక్ష చేయించుకోవడం మంచిది.

షుగరు ఉన్నవారు తొక్కకూడదని కాదు. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి షుగరు పడిపోతుంది, మోతాదు ఎలా మార్చాలో ముందుగా డాక్టరే చెప్పాలి. చేతులు వణకడం, చల్లచెమట, చిరాకు మొదలైతే వెంటనే ఆగి మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట ఆగి మళ్లీ గ్లూకోమీటరుతో చూసుకోవాలి. ఎక్కువమందికి తెలియనిది ఏమిటంటే, ఇంటికి క్షేమంగా చేరి భోంచేసి పడుకున్న తరువాత కూడా, ఆ రాత్రి షుగరు పడిపోవచ్చు. ఇంట్లోవారికి ఈ సంగతి చెప్పి పడుకోండి.

ఆపడం గురించి చెప్పాలి. కార్డు మీద చివరి ముద్ర కోసం లక్షణాలు దాచిపెట్టేవారు ఉన్నారు. "ఇంకా ముప్పై కిలోమీటర్లే కదండీ" అంటారు. గుండెలో బరువు, ఎడమ చెయ్యి, దవడ లాగడం ఉంటే ముప్పై కాదు, మూడు కిలోమీటర్లు కూడా తొక్కకూడదు. 108కి ఫోను చేసి కూర్చోవాలి. తోటి రైడరు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, అడుగు తూలుతున్నా వాడి మాట వినకండి, మెదడుకు వేడి తగిలినవాడు బాగానే ఉన్నానంటాడు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి. ఐసు దొరికితే మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. అంబులెన్సు వచ్చేదాకా ఇది ఆపకూడదు. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకండి.

పడిపోయి తలకు దెబ్బ తగిలితే హెల్మెట్ గుంజి తీయవద్దు, మెడ కదలనివ్వవద్దు. దారిన పోయేవారు పోలీసు కేసని భయపడి దగ్గరికి రారు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం సాయం చేసినవారి మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు కూడా. మీ జేబులో ఒక చీటీ ఉండాలి. పేరు, బ్లడ్ గ్రూపు, వాడే మందులు, పడని మందులు, ఇంటి ఫోను నెంబరు. సెల్లుకు లాకు ఉంటుంది గనుక అందులో రాసుకున్నది మాకు ఉపయోగపడదు. ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి, లేకపోతే చెమటకు తడిసిపోతుంది.

మరునాడు కాళ్లు బిగుసుకోవడం, ఆకలి ఎక్కువగా ఉండడం మామూలే, రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, పూటంతా మూత్రం రాకపోయినా, పిక్క ఒక్కవైపే వాచి వేడిగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి రండి. వేళ్ల తిమ్మిరి వారం దాటి ఉంటే చూపించుకోండి. రాత్రి రైడు పూర్తి చేసినవారు మోటారు సైకిలు నడుపుకుంటూ ఇంటికి వెళ్లకుండా, బస్సెక్కండి లేదా ఇంట్లోవారిని రమ్మనండి.